టెట్ మీద జనం ఓటేస్తే ఏం తేలుతుంది?

విజయనగరం గంటస్తంభం దగ్గరైనా, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో టీ కొట్టు దగ్గరైనా, టీచర్ల మాట వచ్చిందంటే వాదన టెట్ మీదకే, అంటే టీచర్ల అర్హత పరీక్ష మీదకే పోతుంది. సర్వీసులో ఉన్న మాస్టార్లు కూడా టెట్ పాసవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది కదా, అందులో తప్పేముంది అని ఒకాయన అంటాడు. పాతికేళ్ళు పాఠం చెప్పినాక ఇప్పుడు పరీక్షేటండీ అని ఇంకొకాయన ఎగురుతాడు. ఇద్దరి మధ్యలో ఎవరో ఒకరు దూరి, "ఎందుకొచ్చిన గొడవ, జనాన్నే అడిగీండి, ఓటు పెట్టీండి, తేలిపోద్ది" అంటారు.

ఈ మూడో మాటని అందరూ నవ్వి వదిలేస్తారు గానీ, నిజంగానే టీచర్ల పరీక్ష మీద జనం చేత ఓటేయించిన చోటు ఒకటుంది. అక్కడ ఏం జరిగిందో చూస్తే మన గొడవ కూడా కాస్త అర్థమవుతుంది. ముందే చెప్పేస్తాను, మా ఇంట్లో టీచర్లున్నారు, కాబట్టి నేను తటస్థుణ్ణి అని చెప్పుకుంటే మీరు నమ్మక్కర్లేదు. కానీ టీచర్లు చేస్తున్న వాదనలన్నీ గట్టివే అని కూడా నేను అనుకోవడం లేదు, అదీ చెబుతాను.

ముందు తీర్పు సంగతి. అది 2025 సెప్టెంబర్ 1న వచ్చింది. (సెప్టెంబర్ 1 అంటే మన టీచర్లకి ముందు నుంచీ పడదు, 2004లో పాత పెన్షన్ బదులు సీపీఎస్ అనే కొత్త పెన్షన్ పద్ధతి వచ్చింది ఆ తేదీ నుంచే, ఏటా ఆ రోజు నల్ల బ్యాడ్జీలు పెట్టుకుంటారు.) మహారాష్ట్రలో ఒక మైనారిటీ విద్యా ట్రస్టు, తమిళనాడులో ప్రమోషన్ల తగాదాలు, ఇలా వేరే వేరే కేసులన్నీ కలిసి సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. జస్టిస్ దీపాంకర్ దత్తా, జస్టిస్ మన్మోహన్‌ల ధర్మాసనం చెప్పిన దాని సారాంశం ఇది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు చెప్పే టీచర్ ఎప్పుడు చేరినా సరే టెట్ ఉండాల్సిందే. రిటైర్మెంట్‌కి ఐదేళ్ళకు మించి ఉన్నవాళ్ళు రెండేళ్ళలో పాసవ్వాలి, కాకపోతే ఉద్యోగం వదులుకోవాలి, లేదా రావాల్సిన బెనిఫిట్లు ఇచ్చి తప్పనిసరిగా రిటైర్ చేస్తారు. ఐదేళ్ళ లోపే ఉన్నవాళ్ళు టెట్ లేకుండానే కొనసాగవచ్చు, కానీ ప్రమోషన్ కావాలంటే మాత్రం పాసై రావాలి. మైనారిటీ బళ్ళ సంగతి విడిగా పెద్ద బెంచికి పంపారు.

ఇక్కడే మొదటి ముడి ఉంది, దీన్ని విప్పకుండా మిగతాదంతా మాట్లాడుకోవడం దండగ. విద్యా హక్కు చట్టం 2009లో వచ్చింది. అందులో 23వ సెక్షన్, టీచర్‌కి కనీస అర్హత ఏమిటో ఒక జాతీయ సంస్థ నిర్ణయిస్తుందని చెప్పింది. ఆ సంస్థే ఎన్‌సీటీఈ. అది 2010 ఆగస్టు 23న నోటిఫికేషన్ ఇచ్చి టెట్ పెట్టింది, కానీ అదే నోటిఫికేషన్‌లో అంతకు ముందే పాత నిబంధనల ప్రకారం చేరినవాళ్ళకి మినహాయింపు రాసింది, అప్పటికే ప్రకటన ఇచ్చేసి నియామకాలు నడుస్తున్నవాళ్ళకి కూడా పాత నిబంధనలే చాలంది. మన దగ్గర 2008 డీఎస్సీలో, అంటే సర్కారు టీచర్ల ఎంపిక పరీక్షలో, నెగ్గినవాళ్ళ లాంటి వాళ్ళంతా ఈ నీడలోనే నిశ్చింతగా ఉన్నారు. మన రాష్ట్రంలో మొదటి టెట్ జరిగింది 2011లో, అంటే 1998, 2000, 2001, 2002, 2003, 2006 డీఎస్సీల్లో సెలెక్టయినవాళ్ళు రాయడానికి అసలు ఆ పరీక్షే పుట్టలేదు. తర్వాత 2017లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, 2015 మార్చి 31 నాటికి ఉద్యోగంలో ఉండి కనీస అర్హత లేనివాళ్ళంతా 2019 మార్చి 31లోగా దాన్ని సంపాదించుకోవాలంది. ఇది ట్రైనింగ్ లేని టీచర్ల గురించి అని అందరూ అనుకున్నారు. కోర్టు మాత్రం టెట్ కూడా కనీస అర్హతే కదా, మరి అది కూడా ఇందులోకే వస్తుంది కదా అంది. టీచర్లేమో 2010 మినహాయింపు చూపిస్తున్నారు. రెండూ కాగితం మీద ఉన్నవే, ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

2003 డీఎస్సీ మాస్టార్లకి ఈ రకం తగాదా కొత్త కాదు. వాళ్ళ నోటిఫికేషన్ 2003లో వచ్చింది, చేరింది మాత్రం 2004 సెప్టెంబర్ దాటాక, అంచేత సీపీఎస్‌లో పడ్డారు, అప్పటి నుంచీ నోటిఫికేషన్ నాటి రూలే మాకు వర్తించాలి అని తిరుగుతూనే ఉన్నారు. ఇప్పుడు టెట్ విషయంలోనూ అడిగేది అదే. నా దృష్టిలో టీచర్ల వాదనల్లో అన్నిటికంటే గట్టిది ఇదే. ఆట మొదలయ్యాక రూలు మార్చకండి అనడం ఎవరికైనా అర్థమవుతుంది. పరీక్ష పెడితే మాకు అవమానం అనే వాదన మాత్రం నిలవదు, ఎందుకంటే ఏడాది పొడుగునా ఆరేళ్ళ పిల్లలకి పరీక్షలు పెట్టేది కూడా వాళ్ళే కదా, తల్లిదండ్రులు ఆ మాట ఠక్కున అనేస్తారు.

రెండో ముడి వయసు. ఇది మన జిల్లాలో కాస్త విచిత్రంగా తగులుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో రిటైర్మెంట్ వయసు 2022లో 60 నుంచి 62కి పెరిగింది. అప్పుడందరూ స్వీట్లు పంచుకున్నారు. తీర్పు లెక్క రిటైర్మెంట్ నుంచి వెనక్కి ఐదేళ్ళు కాబట్టి, మన దగ్గర తీర్పు నాటికి 57 నిండినవాళ్ళే బయటపడ్డారు. ఒడిశాలో రిటైర్మెంట్ 60కే, అక్కడ 55 దాటితే చాలు. ఇచ్ఛాపురంలో 56 ఏళ్ళ మాస్టారు పుస్తకం పట్టుకోవాలి, బస్సెక్కితే గంటలో వచ్చే బరంపురంలో అదే వయసున్న మాస్టారు పట్టుకోనక్కర్లేదు. ఇద్దరి బళ్ళకూ ఒకే కేంద్ర చట్టం! ఎంత విడ్డూరంగా ఉన్నా, ఏదో ఒక చోట గీత గీయక తప్పదు కాబట్టి గీశారు, గీత పక్కన నిలబడ్డవాడికి మాత్రం అది గీతలా కనిపించదు.

ఇక పరీక్ష ఎలా ఉంటుందో చూడకుండా టెట్ ఉండాలా వద్దా అని వాదించేవాళ్ళే ఎక్కువ. 150 ప్రశ్నలు, 150 మార్కులు, రెండున్నర గంటలు, అంతా కంప్యూటర్ మీదే. ఓసీలకి 60 శాతం అంటే 90 మార్కులు రావాలి, బీసీలకి 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకి 60. ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. చిన్న తరగతులకి చెప్పే ఎస్జీటీలు రాసే పేపర్లో శిశు వికాసం, తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, పరిసరాల విజ్ఞానం తలా 30. వాళ్ళు బడిలో చెప్పేది కూడా ఇవే కాబట్టి పెద్దగా పేచీ లేదు, పియాజే, కోల్‌బర్గ్, వైగాట్‌స్కీ అంటూ మనస్తత్వ శాస్త్రవేత్తల్లో ఎవరు ఏ దశ గురించి చెప్పారో బట్టీ పట్టడమే విసుగు. పేచీ పై పేపర్లో ఉంది. అందులో లెక్కలు, సైన్స్ చెప్పేవాళ్ళకి 60 మార్కులు గణితం, సైన్స్ కలిపి. అంటే ఇంటర్లో బైపీసీ చదివి, ఆ తర్వాత లెక్కల మొహం చూడకుండా ఇరవై ఏళ్ళు జీవశాస్త్రమే చెప్పిన స్కూల్ అసిస్టెంట్, అంటే హైస్కూల్లో ఒక సబ్జెక్టు చెప్పే టీచర్, ఇప్పుడు త్రికోణమితి, సంభావ్యత చెయ్యాలి. లెక్కల మాస్టారు కూడా కిరణజన్య సంయోగక్రియ దగ్గర కాస్త తడుముకుంటాడనుకోండి. అయినా ఆయన పని కొంత తేలిక. వీళ్ళని డీఎస్సీలో ఎంపిక చేసింది ఎవరి సబ్జెక్టులో వాళ్ళకి పరీక్ష పెట్టి. బడిలో చెప్పించేదీ ఆ సబ్జెక్టే. మరి ఈ అర్హత పరీక్ష ఎవరిని వడపోస్తోంది? బయాలజీ బాగా చెప్పలేనివాణ్ణి కాదు, బయాలజీ బాగా చెబుతూ లెక్కలు మర్చిపోయినవాణ్ణి.

వీళ్ళకి చదువుకునే టైం ఎక్కడిదో కూడా చూడాలి. ఇద్దరే టీచర్లున్న ప్రైమరీ బడిలో ఎస్జీటీ పొద్దున్నే ఫోన్‌కి మొహం చూపించి హాజరు వేసుకోవాలి, పిల్లల హాజరు ఎక్కించాలి, గుడ్లెన్ని వచ్చాయి, చిక్కీలెన్ని వచ్చాయి, భోజనం ఎంతమంది తిన్నారు అన్నది యాప్‌లో పెట్టాలి. సిగ్నల్ దొరక్కపోతే గోడ పక్కకెళ్ళి చెయ్యెత్తి నిలబడాలి. ఈలోగా మూడు తరగతులు ఒకే గదిలో అరుస్తూ ఉంటాయి. కోచింగ్ సెంటర్లకి పేరున్న అవనిగడ్డ వెళ్ళి రూమ్ తీసుకుని రోజుకి పన్నెండు గంటలు చదివే పాతికేళ్ళ కుర్రాడూ, ఈ టీచరమ్మా రాసేది ఒకే పేపరు.

ఇప్పుడు ఓటింగ్ కథ. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో ఒక పద్ధతి ఉంది, సరిపడా సంతకాలు సేకరిస్తే ఒక చట్టాన్ని నేరుగా జనం ముందు ఓటుకి పెట్టవచ్చు. 1998 నవంబర్ 3న అలా పెట్టిన వాటిలో ఎనిమిదో ప్రతిపాదన ఒకటి. (2008లో అదే నంబరుతో స్వలింగ పెళ్ళిళ్ళ మీద వచ్చింది వేరే, వెతికితే ముందు అదే కనిపిస్తుంది.) అప్పటి గవర్నర్ పీట్ విల్సన్ దీన్ని గట్టిగా సమర్థించారు. టీచర్లు తాము చెప్పే సబ్జెక్టులో పరీక్ష పాసవ్వాలన్నది అందులో ఒక అంశం. ఒక అంశం మాత్రమే! మిగతావి చూడండి. చిన్న తరగతుల్లో పిల్లల సంఖ్య తగ్గించడానికి శాశ్వతంగా నిధులు, ప్రతి బడిలో తల్లిదండ్రులూ టీచర్లూ ఉండే కౌన్సిల్, బళ్ళ మీద ఒక చీఫ్ ఇన్స్‌పెక్టర్, మత్తుమందుతో దొరికిన పిల్లల సస్పెన్షన్. ఇన్నీ కలిపి ఒకే మూటగా కట్టి, అవునా కాదా చెప్పండి అన్నారు. టీచర్ల సంఘం ఎదురు ప్రచారం చేసింది. ప్రతిపాదన భారీ తేడాతో ఓడిపోయింది.

మరి జనం టీచర్ల పరీక్షని కాదన్నారా? చెప్పలేం. ఇన్స్‌పెక్టర్ వద్దనుకున్నవాడూ, కౌన్సిల్ నచ్చనివాడూ, డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తారని అడిగినవాడూ, పరీక్ష వద్దన్నవాడూ, అందరూ ఒకే గడిలో గుద్దారు. పరీక్ష కావాలి కానీ కౌన్సిల్ వద్దు అనుకున్నవాడికి గుద్దడానికి గడే లేదు. హోటల్లో ఇడ్లీ కావాలంటే పెసరట్టు, పూరీ, కాఫీ కూడా కొనాల్సిందే అంటే సగం మంది లేచిపోతారు, వాళ్ళకి ఇడ్లీ ఇష్టం లేదని హోటలువాడు రాసుకుంటే ఎలా?

అదే దేశంలో నేరుగా ఓటు కాకుండా, ఎన్నికల్లో ఈ విషయం ఎలా ఆడిందో కూడా ఆసక్తిగా ఉంటుంది. ఆర్కాన్సా రాష్ట్రంలో గవర్నర్‌గా ఉన్న బిల్ క్లింటన్, అవును, తర్వాత అధ్యక్షుడైన ఆయనే, 1983లో బళ్ళ కోసం అమ్మకం పన్ను పెంచుతూ, దానికి బదులుగా అన్నట్టు సర్వీసులో ఉన్న టీచర్లకి పరీక్ష పెట్టారు. టీచర్ల సంఘం మండిపడింది. 1985లో పరీక్ష జరిగితే పది శాతం దాకా తప్పారు. ఆయన 1984లోనూ గెలిచారు, 1986లోనూ గెలిచారు. పక్కనే టెక్సస్‌లో మార్క్ వైట్ అనే గవర్నర్ కూడా దాదాపు అదే పని చేశారు. జీతాలు పెంచారు, దాంతోపాటు 1986 మార్చిలో రెండు లక్షల మందికి పైగా టీచర్లు, అధికారుల చేత పరీక్ష రాయించారు. చదవడం రాయడం వచ్చా అని చూసే మామూలు పరీక్ష అది, మొదటిసారే నూటికి 96, 97 మంది పాసైపోయారు. అంటే వడపోసింది చాలా తక్కువ, మనసులు విరిచింది చాలా ఎక్కువ. 1982లో ఆయన గెలుపు కోసం పనిచేసిన టీచర్లే 1986 నవంబర్‌లో ఎదురు తిరిగారు, ఆయన ఓడిపోయారు. మార్కులు రాని పిల్లల్ని ఆటలాడనివ్వం అని ఇంకో రూలు కూడా పెట్టి ఫుట్‌బాల్ అభిమానుల్ని కూడా దూరం చేసుకున్నారు లెండి. ఒకే రకం పరీక్ష, ఒకాయన నిలబడ్డాడు, ఒకాయన పోయాడు. జనం తీర్పు చెప్పారు అని దీని మీద ఏమనగలం?

మన దగ్గరకొద్దాం. మన రాజ్యాంగంలో ఒక చట్టం మీద జనాభిప్రాయ సేకరణ అనే పద్ధతే లేదు. కాబట్టి టీ కొట్టు దగ్గర పెట్టీమన్న ఓటు కలెక్టర్ గారు పెట్టలేరు, ముఖ్యమంత్రి గారు పెట్టినా చట్టబద్ధంగా దానికి విలువుండదు. విద్య 1976 నుంచీ ఉమ్మడి జాబితాలో ఉంది, విద్యా హక్కు కేంద్ర చట్టం, అంచేత అసెంబ్లీ తనంతట తాను పక్కకి నెట్టేయడం కూడా కుదరదు. దారులు రెండే. తీర్పుని మళ్ళీ చూడమని సుప్రీంకోర్టుని రివ్యూ అడగడం ఒకటి, తీర్పు వచ్చిన కొద్ది రోజుల్లోనే ఉత్తరప్రదేశ్, తమిళనాడు ఆ దారి పట్టాయి. పార్లమెంటు 23వ సెక్షన్‌ని మళ్ళీ సవరించి, 2010కి ముందు చేరినవాళ్ళకి ఇది వర్తించదు అని స్పష్టంగా రాయడం రెండోది. రెండోదే గట్టి దారి. మన ఎంపీలని అడగాల్సింది అదే, ఎంఈఓ ఆఫీసు ముందు ధర్నా చేస్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు పాపం, ఆయన కూడా కాగితం పైకి పంపుతాడు.

ఓటు అనేసరికి మాకు మా ఎమ్మెల్సీ ఉన్నారు కదా అంటారు మన మాస్టార్లు. ఉత్తరాంధ్ర ఉపాధ్యాయ నియోజకవర్గానికి 2025 ఫిబ్రవరి 27న పోలింగ్ జరిగింది, సిటింగ్ ఎమ్మెల్సీ పాకలపాటి రఘువర్మ మీద గాదె శ్రీనివాసులు నాయుడు నెగ్గారు. టెట్ తీర్పు అప్పటికి ఇంకా ఆరు నెలల దూరంలో ఉంది, కాబట్టి ఆ ఓటులో ఈ ప్రశ్నకి జవాబు లేదు. అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. రాజ్యాంగం 171వ అధికరణ ప్రకారం ఈ ఎన్నికలో ఓటు హైస్కూల్, ఆపై స్థాయి సంస్థల్లో మూడేళ్ళు బోధించినవాళ్ళకే. ప్రైమరీ బడి ఎస్జీటీకి ఓటు లేదు. టెట్ భారం బాగా పడే వర్గాల్లో ఒకటేమో ఎస్జీటీలు, టీచర్ల ఎమ్మెల్సీని ఎన్నుకోవడంలో మాత్రం వాళ్ళ వేలికి సిరా అంటదు. మాకూ ఓటివ్వండి అని వాళ్ళు ఎప్పటి నుంచో అడుగుతున్నారు, ఈ గొడవ తర్వాత ఆ మాటకి బలం పెరగాలి నిజానికి.

సరే, ఓటు సంగతి పక్కన పెట్టి ప్రశ్ననే చూద్దాం. టీచర్లకి పరీక్ష ఉండాలా అనేది ఒక ప్రశ్నలా వినిపిస్తుంది గానీ అందులో మూడున్నాయి. కొత్తగా చేరేవాడికి ఉండాలా? ప్రమోషన్ అడిగేవాడికి ఉండాలా? ఇప్పటికే చెబుతున్నవాడు తప్పితే ఇంటికి పంపాలా? మొదటిదానికి నేను అవుననే అంటాను, ఏ మాత్రం మొహమాటం లేకుండా. డీఎస్సీ ఉండగా టెట్ ఎందుకు, రెండూ ఒకటే కదా అనేవాళ్ళున్నారు. ఒకటి కాదు. డీఎస్సీ ఉన్న పోస్టులకి పోటీ, టెట్ అర్హత, మన దగ్గర టెట్ మార్కులకి డీఎస్సీలో 20 శాతం వెయిటేజీ కూడా ఉంది. పైగా ప్రైవేటు బడికి డీఎస్సీ ఉండదు, అక్కడ పిల్లలకి టెట్ ఒక్కటే కాస్త రక్షణ. ఆ మాటకొస్తే చట్టం ప్రైవేటు బళ్ళకీ వర్తిస్తుంది, ఎన్ని కార్పొరేట్ బళ్ళు తమ టీచర్లకి టెట్ ఉందని చూపించగలవో మీ వీధి చివర ఉన్న బడిలో అడిగి చూడండి. గొడవంతా సర్కారు మాస్టారి చుట్టూనే తిరగడం నాకు నచ్చనిది అందుకే.

ప్రమోషన్‌కి పరీక్ష కూడా సమంజసమే, కాకపోతే ఏ సబ్జెక్టుకి ప్రమోషన్ అయితే ఆ సబ్జెక్టులో పెట్టాలి. మూడోదే, సర్వీసులో ఉన్నవాణ్ణి ఒక్క పేపరు మీద ఇంటికి పంపడం, నాకు మింగుడు పడటం లేదు. ఎందుకంటే టెట్ కొలిచేది కొంతే. మందస, మెళియాపుట్టి కొండ ఊళ్ళలో సవర పిల్లవాడు మొదటిసారి బడికొచ్చినప్పుడు వాడి భాషలో నాలుగు మాటలు మాట్లాడగలిగిన మాస్టారు ఉంటే వాడు రెండో రోజు కూడా వస్తాడు. 150 ప్రశ్నల్లో దానికి మార్కులు లేవు. మన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ ఎవరూ అడక్కుండానే సవర నేర్చుకున్నారు, సొంత డబ్బుతో వాళ్ళకి బళ్ళు పెట్టారు. అందరూ గిడుగులు కాలేరు, ఒప్పుకుంటాను, పాతికేళ్ళు చెప్పాను అన్నంత మాత్రాన బాగా చెప్పినట్టూ కాదు. కానీ దాన్ని తేల్చడానికి వేరే దారులున్నాయి.

అమెరికావాళ్ళే చివరికి ఒక దారి వెతికారు. 2002 జనవరిలో అక్కడ కేంద్ర చట్టం ఒకటి వచ్చింది, టీచర్లందరికీ సబ్జెక్టు వచ్చని రుజువు కావాలంది. కొత్తగా చేరే ప్రైమరీ టీచర్లకి పరీక్ష తప్పనిసరి చేశారు. పాతవాళ్ళకి మాత్రం పరీక్ష రాయొచ్చు, లేదా అనుభవం, చేసిన కోర్సులు, తీసుకున్న శిక్షణ, ఇవన్నీ రాష్ట్రం పెట్టిన కొలత ప్రకారం లెక్కేసి అర్హత చూపించుకోవచ్చు అన్నారు. కొన్ని రాష్ట్రాలు ఆ కొలతని మరీ వదులుగా పెట్టి అందరినీ పాస్ చేసేశాయని విమర్శలొచ్చాయి, నిజమే. మన దగ్గరైతే ఇంకా వదులవుతుందని కూడా తెలుసు, సర్టిఫికెట్లు ఎలా పుడతాయో అందరం చూసినవాళ్ళమే. అయినా దారి అంటూ ఒకటుంటే బిగించుకోవచ్చు. బీహార్ ఇంకో రకంగా చేసింది, స్థానిక సంస్థల కింద చేరిన టీచర్లకి సామర్థ్య పరీక్ష పెట్టి, పాసైతే రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి హోదా ఇస్తామంది. లక్షల మంది వెళ్ళి రాశారు. ముందు ఏదో వస్తుందంటే రాసే పరీక్షకీ, వెనక ఏదో పోతుందంటే రాసే పరీక్షకీ చదివే మనసే వేరు.

సవరణ వస్తే వస్తుంది, లేకపోతే తీర్పు ప్రకారం రెండేళ్ళంటే 2027 సెప్టెంబర్ 1. అందాకా సంఘాలు అడగాల్సినవి నా లెక్కలో చిన్నవే. ఆ లోపు టెట్ ఎన్నిసార్లు పెడతారో, ఏ నెలలో పెడతారో క్యాలెండర్ ముందే చెప్పమనాలి, అది పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ మీదా, డీఎస్సీ మీదా పడకుండా చూడమనాలి. చుట్టుపక్కల బళ్ళ టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో యాప్‌ల ట్రైనింగ్ కాస్త తగ్గించి, జీవశాస్త్రం వాళ్ళకి లెక్కల మాస్టారి చేత క్లాసులు చెప్పించమనాలి, ఆ మాస్టారికి వీళ్ళు సైన్స్ చెప్పవచ్చు. సర్వీసువాళ్ళకి సబ్జెక్టు వారీగా విడి పేపరు ఇవ్వడానికి ఎన్‌సీటీఈని అనుమతి అడగమని రాష్ట్రాన్ని ఒత్తిడి చెయ్యాలి. పరీక్షే వద్దు అన్న నినాదం కంటే ఈ చివరిదానికి ఊళ్ళో తల్లిదండ్రుల మద్దతు కూడా దొరుకుతుంది, వాళ్ళ చేత ఓటేయించక్కర్లేకుండానే.